ముడి

కాసులమ్మ ఫోను నా బల్ల మీద పెట్టింది.
తెర మీద ఐసు తడి, ఎండిన పొలుసొకటి.
"తెరుచుకోట్నేదు బాబూ, నిన్నటి కాడ్నుంచి."

పూర్ణా మార్కెట్టు వెనక సందులో
పగిలిన అద్దాలు మార్చేవాణ్ణి నేను.
చూశాను. పగిలిందేమీ లేదు.
'మీ ఫోను పాతబడింది, ఇకమీదట ఇందులో పనిచెయ్యలేము' అని
మర్యాదగా, తప్పుల్లేని తెలుగులో రాసి ఉంది.

లోపల ఉండిపోయినవి:
సిరిపురం డాక్టరమ్మకి వారానికి రెండు కోనాలు,
లాసన్స్ బే మేడ మీది ముసలాయనకి ముల్లు తీసిన పండుగప్ప,
ఎవరెంత బాకీ, ఎవరే వారం నీచు ముట్టరు,
ఆరేళ్ళ బేరం. రాత రాదు, అంతా ఆమె గొంతులోనే.

"ఆపీసెక్కడ? నానెల్లి అడుగుతాను."
ఆఫీసు లేదక్కా అన్నాను.
"నేకపోవడమేటి? తాళం ఏసినోడికి ఇల్లుండదా?
పోలమాంబ గుడికీ పూజారున్నాడు.
అర్ధరాత్రి లేపితే తిట్టుకుంటా లేస్తాడు గానీ
తలుపు తీస్తాడు."

నాకు మాట రాలేదు.
ఆరేళ్ళ కిందట, ఈ బల్ల మీదే,
ఆమె బదులు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కింది నేనే,
చదవకుండా,
పది రూపాయలకి.

సాయంత్రం పెదజాలారిపేట వెళ్ళాను.
ఆమె అన్న పోతరాజు ఇసకలో కూచుని
కాలి బొటనవేలికి వల తగిలించి బాగుచేస్తున్నాడు.
భీమిలిలో అల్లిన వలట,
గంగవరం రాళ్ళకి చినిగింది,
ఇక్కడ అతుకు పడుతోంది.
"ఎవరల్లినా ముడి ఒకటేనా?"
"ముడి ఒకటే. సెయ్యే ఏరు."
"మరి ఈ ముడి ఎవరిది?"
సముద్రంలో ఉప్పెవరిదని అడిగినట్టు చూశాడు నన్ను.

అంతర్జాలమని ఎవరు పేరు పెట్టారో గానీ
జాలమంటే వల,
జాలమంటే మాయ కూడా.
ఇన్నాళ్ళూ నేను రెండోదానికే
అద్దాలు బిగిస్తూ కూచున్నాను.

డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరిగింది.
తెప్పకీ, ట్రాలరుకీ, నేవీ ఓడకీ
అదే వెలుతురు.
నీ పడవ ఏ సంవత్సరానిదని అడగదది.

ఐసు ఫ్యాక్టరీ మేడ మీద గదిలో
ఏదో బ్యాంకు పారేసిన కంప్యూటరు పెట్టాను.
ముఖం తెలియని ఎవరెవరో రాసి
దాచుకోకుండా వదిలేసిన ప్రోగ్రాము ఎక్కించాను.
ఏ ఫోనైనా సరే, ఏ యాపైనా సరే,
ముడి తెలిస్తే చాలు.
భీమిలిలో ఇంకో కుర్రాడు ఇంకో పెట్టె పెట్టుకున్నాడు.
వాడూ నేనూ ఇంతవరకూ కలుసుకోలేదు,
పెట్టెలు మాత్రం రోజంతా కబుర్లే.

గొప్పేమీ లేదు.
కరెంటు పోతే పోతుంది.
వాయుగుండం పట్టిన వారం రెండ్రోజులు మూగబోయింది.
డాక్టరమ్మ రాలేదు, "అందరూ అక్కడే ఉన్నారు కదా" అంది.
నిజమే. అందరూ అక్కడే ఉన్నారు.
మేడ మీది ముసలాయన వచ్చాడు.
నలభై మందిలో పదకొండు మంది.

మూడో రోజు తెల్లారకముందే
నా తలుపు మీద కాసులమ్మ గుద్దులు.
"నీ పెట్టె సచ్చింది! నిద్రోతన్నావా?
నీ ఇల్లెక్కడో నాకు తెల్దనుకున్నావా?"
ఇరవై ఏళ్ళ రిపేర్లలో
ఇంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు నన్ను.

గది తాళంచెవి ఇచ్చాను.
సిటీ బస్సు టికెట్టు వెనక పాస్‌వర్డు రాసి ఇచ్చాను,
రాత రాదు కదా అని నసుగుతూనే.
"ముగ్గు గుర్తున్నట్టు గుర్తుంటాది, ఇలా తే" అని
రెండూ కొంగులో పెట్టి
ముడేసింది.

చూశాను.
వాళ్ళన్న వేసే ముడే.